మూడు కాళ్ళ గుర్రం

రాయచూరు,
3 ఏప్రిల్ 2025

చెల్లెలు సౌభాగ్యలక్ష్మికి ఇల్సమ్మ దీవించి రాసేది.

నేను బాగున్నాను. తొంభై రెండేళ్ళకు ఎంత బాగుండాలో అంత. నీ క్షేమం మీ తిరుమలేశ్ ఫోనులో చెప్పాడు. నీకు ఇవ్వమంటే, "అమ్మకు ఫోనిస్తే ఏం ఫాయిదా పెద్దమ్మా, చెవిటోని ముంగట శంఖం ఊదినట్టే. నువ్వు కాయిదం రాయి, సదువుకుంటది" అన్నాడు. కన్నకొడుకు మర్యాద అట్లా ఉంది.

రాయడమే మేలులే. మన తమ్ముడి మనవడు పృథ్వి, వాడి పెళ్ళాం ధనశ్రీ, వాళ్ళ పిల్ల శ్రుతి తెలుగు మాట్లాడతారు గాని చదవలేరు. బడిలో నేర్చింది కన్నడం. నాన్న మనిద్దరినీ పల్లీల దుకాణం మెట్ల మీద కూర్చోబెట్టి పలక మీద తెలుగు దిద్దించబట్టి, ఈ వయసులో మనకు నలుగురి మధ్యలో కూడా చాటుగా మాట్లాడుకునే వీలు మిగిలింది. ఇది నువ్వొక్కదానివే చదువుకో. ముందు కూర్చో.

ఎర్విన్ ఆనాడు చనిపోలేదు.

వియన్నాలో నా తోడబుట్టిన తమ్ముడు ఎర్విన్. ముప్ఫై తొమ్మిదిలో మేనత్త డాక్టరమ్మ వెంట అమ్మ నన్ను వియన్నా నుంచి పంపినప్పుడు వాడికి మూడేళ్ళు. తట్టు పోసి ఒళ్ళంతా ఎర్రగా ఉన్నాడని, ఓడ ఎక్కనివ్వరని, వాడిని తన దగ్గరే ఉంచుకుంది. నెమ్మదించాక ఇద్దరూ వస్తారన్నారు. ఇంతలో యుద్ధం వచ్చి దారులు మూసుకున్నాయి. డాక్టరమ్మ రాయచూరుకొచ్చిన అయిదో ఏట టైఫాయిడ్‌తో పోతే, నాన్న నన్ను భుజాన వేసుకుని, పదకొండేళ్ళదాన్ని, కాళ్ళు నేలకు తగులుతుండగా, మీ ఇంటికి తెచ్చుకున్నాడు. ఇదంతా నీకు తెలిసిందే. తెలియనిది ఇప్పుడు చెబుతున్నాను.

యుద్ధంలో చెదిరిపోయిన మాలాంటి యూదు పిల్లల ఆచూకీలు రాసి ఉంచే సంఘం ఒకటి ఉందని శ్రుతి ఎక్కడో చూసి, నా పేరు, అమ్మ పేరు, ఎర్విన్ పేరు రాసి పంపింది. నాకు చెప్పనే లేదు. మొన్న ఇంగ్లండు నుంచి మార్గిట్ అనే ఆమె జవాబు రాసింది. ఆమె ఎర్విన్ కూతురు. నాకు మేనకోడలు. శ్రుతి చదువుతుంటే నేను మధ్యలో రెండుసార్లు ఆపించి మంచినీళ్ళు తాగాను.

వియన్నాలోని యూదులందరినీ రైళ్ళకెక్కించి చంపడానికి తీసుకుపోతున్న రోజుల్లో, అమ్మ వాడిని పాలు పోసే ఆమె బండిలో క్యాన్ల నడుమ దాచి పంపిందట. తరువాతి వారమే అమ్మను తీసుకుపోయారు. ఆ పాలామె వాడిని ఒక పల్లెలో ఆవుల కొట్టం పైన, గడ్డి అటక మీద మూడేళ్ళు దాచింది. చప్పుడు చేస్తే ప్రాణం పోతుందని చెప్పిందట. బతికినన్నాళ్ళూ వాడు గట్టిగా మాట్లాడలేదు. ఇంట్లో ఏ తలుపూ మూయనిచ్చేవాడు కాదు. 2019లో పోయాడు, ఎనభై మూడేళ్ళకు. నీకు వినబడదు, వాడు గొంతెత్తడు. మీ ఇద్దరికీ బాగా కుదిరేది.

ఇప్పుడు అసలు సంగతి. నలభై ఏడులో వాడు నాకు ఉత్తరం రాశాడట. శరణార్థుల సాయసంఘం వాళ్ళు అమ్మ పోయిన కబురుతో కలిపి దాన్ని డాక్టరమ్మ పేరున రాయచూరుకు పంపారట. నా జవాబు కోసం ఏడాదంతా చూసి, "దానికి రాయాలని ఉంటే రాసేది" అని ఊరుకున్నాడట. మళ్ళీ రాయలేదు. పోయే ముందు కూడా ఆ ఉత్తరం చేరిందా లేదా అనే అడిగాడట. మార్గిట్ అదొక్కటే నన్ను అడుగుతోంది.

ఎవరింట్లో ఏ పండక్కి ఏం వండారో నీకు డెబ్బై ఏళ్ళ తర్వాత కూడా గుర్తుంటుంది. అటువంటి ఉత్తరం వచ్చిందా? గుర్తు చేసుకుని రాయి.

నీ అక్క,
ఇల్సమ్మ

*

గబ్బూరు,
11 ఏప్రిల్ 2025

అక్కకు సౌభాగ్య దండాలు.

నీ ఉత్తరం పోస్టులో ఆరు రోజులు తిరిగి వచ్చింది. రాయచూరు నుంచి గబ్బూరికి నడిచి వచ్చినా రెండు రోజులు పట్టదు. చదివి చాలాసేపు ఏడ్చాను. కోడలు వచ్చి ఎవరు పోయారని అడిగింది. పోలేదు, బతికారని చెబితే దానికి అర్థం కాలేదు.

అక్కా, అవి ఎప్పటి రోజులు. నేను పదకొండేళ్ళ పిల్లను. పిల్లలకు ఉత్తరాల సంగతి ఎవరు చెబుతారు? రైలుస్టేషన్ గుమాస్తా భీమసేనరావు వచ్చి నాన్నకు ఇంగ్లీషు కాగితం చదివి పెట్టాడు, మీ అమ్మగారి సంగతి. అదొక్కటే నాకు తెలిసింది. తక్కినవి నాన్నకు తెలియాలి, నాన్న లేడు. భీమసేనరావు అప్పుడే ఎటో బదిలీ అయి వెళ్ళిపోయాడు.

ఇక్కడ ఎండలు చెప్పనలవి కాదు. నా ఎడమ కంటికి పొర వచ్చిందంటున్నారు. తిరుమలేశ్ పత్తి ధర పడిపోయిందని మొహం వేలాడేసుకుని తిరుగుతున్నాడు. కొత్త గురెళ్ళ పొడి కొట్టించాను, పంపుతాను. జొన్నరొట్టెలో నెయ్యి వేసుకుని తిను, ఉత్తగా తినకు, నీ పేగులు వియన్నా పేగులు.

ఎర్విన్ సుఖంగా పోయాడు గదా, పిల్లాపాపలతో. అది చాలుననుకో.

ఆ గుర్రం ఇంకా ఉందా అక్కా నీ దగ్గర?

నీ చెల్లెలు,
సౌభాగ్య

*

రాయచూరు,
22 ఏప్రిల్ 2025

సౌభాగ్యా, దీవెనలు. పొడి అందింది. ఉప్పెక్కువ.

గుర్రం ఉంది. ట్రంకులో, నా నర్సు బట్టల కింద. ముందు కాలు ఒకటి లేని కొయ్యగుర్రం, అదే. దాని కోసం మనిద్దరం జుట్టు పట్టుకునేవాళ్ళం, అది ఎవరిదో మాత్రం నేను నీకెప్పుడూ చెప్పలేదు. ఎర్విన్‌ది. బయలుదేరే రోజు స్టేషన్లో అమ్మ వాడిని ఎత్తుకుని ఉంది. నేను పోతున్నాను, వాడు అమ్మ దగ్గర ఉండిపోతున్నాడు. ఆ కడుపుమంటతో వాడి చేతిలోంచి, అప్పటికే కాలు విరిగిన ఆ గుర్రం లాక్కున్నాను. వచ్చినప్పుడు ఇస్తానన్నాను. రైలు కదిలినా వాడు నా వైపు చూడలేదు, గుర్రం కోసం ఏడుస్తూనే ఉన్నాడు. నా తమ్ముడి ముఖం నాకు గుర్తు లేదు. ఆ ఏడుపే గుర్తుంది.

నువ్వు అడిగావు గనుక ఇదంతా రాశాను. ఇక నా ప్రశ్న. ఆ శరణార్థుల సాయసంఘం పుస్తకంలో ఉన్న మాట మార్గిట్ పంపింది. రాయచూరుకు రెండు కాగితాలు పంపాం, ఒకటి తల్లి మరణం గురించి, రెండోది తమ్ముడు స్వయంగా రాసింది అని ఉంది. తేదీతో సహా.

ఆ రోజు నాకు బాగా గుర్తుంది. బడి నుంచి వచ్చేసరికి నాన్న తడిబట్టలతో మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. "అమ్మ లేదు బిడ్డా. ఆ పిల్లగాడు గూడ లేడు. అందరు పోయిన్రు" అన్నాడు. కాగితం చూపించమన్నాను. "సావు కబురు కాయిదం ఇంట్లకు తేవద్దు బిడ్డా. గడప అవుతల్నే సదివిచ్చుకొని, చింపి మోరీ కాలువల ఏసి, తానం చేసినం" అన్నాడు. మన ఇళ్ళలో ఆచారం అదే గనుక నేను మళ్ళీ అడగలేదు.

ఇన్నేళ్ళకు అడుగుతున్నాను. భీమసేనరావు ఇంగ్లీషు చదువుకున్నవాడు. రెండో కాగితం కళ్ళబడదా? పిల్లగాడు కూడా లేడని నాన్న ఎట్లా అన్నాడు? తెలిసే అన్నాడా?

అప్పటి నుంచి ఏటా పెత్రమాస నాడు ఇంటి పెద్దలకు వేసే విస్తళ్ళతో పాటు నాన్న అమ్మకొకటి, ఎర్విన్‌కొకటి వేయించేవాడు. మన దేవుడు కాకపోయినా ఆకలి ఒకటే గదా అనేవాడు. దానికే నేను ఆయనకు సగం ప్రాణం ఇచ్చేశాను. ఇప్పుడు లెక్క చూస్తే, బతికి అన్నం తింటున్నవాడికి డెబ్బై రెండేళ్ళు విస్తరి వేశాం.

నాకు నిద్ర పట్టడం లేదు. తెలిసింది రాయి.

ఇల్సమ్మ

*

గబ్బూరు,
1 మే 2025

అక్కకు దండాలు.

నాన్నను అనుమానించకు. ఆయన ఎవరి ఉత్తరమూ దాచే మనిషి కాదు. నువ్వు జ్వరపడితే మూడు రోజులు దుకాణం తియ్యలేదు. నాకు జ్వరం వస్తే మధ్యాహ్నానికి తెరిచేవాడు. అది చాలదా?

భీమసేనరావు మొదటి కాగితం చదివి ఆపేశాడేమో. చావు కబురు విన్నవాడు స్నానానికి పరుగెత్తుతాడు గాని కూర్చుని మిగిలింది చదువుతాడా? జరిగిందేదో జరిగింది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. ఆ మట్టి తవ్వితే నాన్నకు చెడ్డపేరు, నీకు కన్నీళ్ళు, ఎర్విన్‌కు ఒరిగేదేమీ లేదు.

ఉత్తరం అందలేదని ఆ పిల్లకు రాసెయ్యి. అది అబద్ధం కూడా కాదు, నీకు అందలేదు గదా.

మామిడికాయ పచ్చడి పెట్టాను. ఈసారి ఉప్పు తగ్గించాను.

సౌభాగ్య

*

రాయచూరు,
9 మే 2025

సౌభాగ్యలక్ష్మికి,

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉంది నీ ఉత్తరం. కడుపు చించుకుంటే అన్నావు. అంటే ఆ కడుపులో ఏదో ఉందని నీకు తెలుసు. చెప్పవు. చెప్పకపోవడం సహజమే. రక్తం రక్తమే. ఎంత పెంచినా నేను బయటి నుంచి వచ్చినదాన్ని, నువ్వు ఆ ఇంట్లో పుట్టినదానివి.

మీ నాన్న ఫోటో గోడ మీది నుంచి తీయించాను. పృథ్వి ఎందుకని అడిగాడు, గోడ చెమ్మగా ఉందన్నాను.

నాకు తోచింది ఇది. డాక్టరమ్మ పోయినప్పుడు ఒక అధికారి వచ్చి, వాళ్ళ దేశంలో నా అన్నవాళ్ళు దొరికితే ఈ పిల్లను పంపాల్సి ఉంటుందని చెప్పి వెళ్ళాడు. తమ్ముడు బతికున్నాడంటే నన్ను ఇవ్వాలి. ఇవ్వడం ఇష్టం లేక మీ నాన్న దాచాడు. ప్రేమతోనే దాచి ఉండవచ్చు. దాని మూలంగా ఒక పిల్లవాడు తనకు లోకంలో మిగిలిన ఒకే ఒక్క మనిషి తనను వద్దనుకుందని నమ్మి ముసలివాడైపోయాడు.

పందొమ్మిదో తేదీ సోమవారం శ్రుతి చేత మార్గిట్‌కు రాయిస్తాను. ఉత్తరం వచ్చింది, నన్ను పెంచిన వీరభద్రయ్య చదివించుకుని దాచాడు, అని. ఆచూకీలు రాసే సంఘం పుస్తకంలో ఎక్కుతుందట. ఎక్కనీ.

ఇల్సమ్మ

*

గబ్బూరు,
14 మే 2025

అక్కా,

పోస్టును నమ్మలేక ఇది బస్సు కండక్టర్ మహాంతేశ్ చేతికి ఇస్తున్నాను. సోమవారంలోగా నీకు చేరాలి. గడప అవతల కూర్చుని చదువు. తర్వాత ఏం చేసుకున్నా నీ ఇష్టం.

నువ్వు "మీ నాన్న" అని రాశావు. ఎనభై ఏళ్ళలో మొదటిసారి. ఆ రెండు మాటల దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి. ఆయన పేరు ఆ పుస్తకంలో ఎక్కకూడదు. నా పేరు ఎక్కించు.

ఆ రోజు నాన్న మెట్ల మీద కూర్చున్నాడు, నేను పక్కన పల్లీలు వలుస్తున్నాను. భీమసేనరావు నిలబడే మొదటి కాగితం చదివి కన్నడంలో చెప్పాడు. తాయి ఇల్ల, అన్నాడు. తల్లి లేదని. నాన్న "సాలు సామీ, ఇగ సాలు" అని చెయ్యి ఎత్తాడు. "మరి ఆ పిల్లగాడు?" అని ఆయనే మళ్ళీ అడిగాడు. "తల్లి దగ్గరే ఉన్నవాడు గదా, ఇంకేముంటుంది" అని భీమసేనరావు కాగితాలు మడిచి నాన్న చేతిలో పెట్టి స్నానానికి వెళ్ళిపోయాడు. ఆయన రెండోది విప్పనే లేదు. నాన్న ఏడుస్తూ లేచాడు. "సౌభాగ్యా, ఇవి చింపి మోరీల ఎయ్యి బిడ్డా. ఇంట్లకు తేకు. అక్క వస్తది, దాని కంటబడొద్దు" అని బావి దగ్గరికి వెళ్ళాడు. ఆయనకు ఇంతే తెలుసు. పోయేదాకా ఇంతే తెలుసు.

మొదటి కాగితం చింపేశాను. రెండోది విప్పాను.

నాకు ఇంగ్లీషు రాదు, వాళ్ళ భాష అసలే రాదు. రాత సగం పేజీ ఉంది. కింద పెన్సిలుతో బొమ్మ ఉంది. గుర్రం. ముందు కాలు ఒకటి లేదు అక్కా. మూడు కాళ్ళ గుర్రం. దాని మీద రెండు జడల పిల్ల కూర్చుని ఉంది. మన గుర్రాన్ని నేను గుర్తుపట్టనా? దాని కోసం నీ చెయ్యి కొరికినదాన్ని. మన ఇంటి ట్రంకులో ఉన్న గుర్రం పరాయి దేశంలో ఎవరికి తెలుస్తుంది? వాడికి తప్ప. చచ్చిపోయినవాడు బొమ్మ గీయడని నాకు తెలుసు. పదకొండేళ్ళకు ఆ మాత్రం తెలుస్తుంది.

ఆ అధికారి మాట నేను కూడా విన్నాను. నువ్వు తలుపు వెనుక నిలబడితే నేను నీ వెనుక నిలబడ్డాను. ఎవరైనా దొరికితే పంపాలన్నాడు. నాకు ముందు అక్క లేదు. నువ్వొచ్చాక నా జడ వేసింది నువ్వు, చీకట్లో నా పక్కన పడుకుంది నువ్వు. నువ్వు పోతావనుకున్నాను. నాన్న చింపమన్నాడు గదా, చావు కబురు గదా అని నాకు నేను చెప్పుకుని, దాన్ని కూడా చింపి మోరీలో వేసి రెండు చెంబుల నీళ్ళు పోశాను. ఆచారం నా చేతికి సాకు ఇచ్చింది. మన ఇంట్లో ఇంకెవరూ ఆ బొమ్మ చూడలేదు, ఆ తప్పు నేనొక్కదాన్నే చేశాను.

ఆ సాయంత్రం నువ్వు ఏడ్వకుండా గోడ వైపు తిరిగి పడుకున్నావు. చెబుదామని నోరు తెరిచాను. కాగితం పోయాక ఏం చూపించి చెప్పను అనుకున్నాను. తర్వాత భయం. ఆ తర్వాత పెళ్ళి, పిల్లలు. పుట్టింట్లో ఉన్నన్నాళ్ళూ పెత్రమాస నాడు ఎర్విన్ విస్తరిలో వడ్డించింది నేనే. మన ఇంట్లో అమ్మ గరిటె నా చేతికే ఇచ్చేది, చిన్నపిల్లవాడి విస్తరి చిన్నపిల్ల వడ్డించాలని. బతికున్నాడని తెలిసి వడ్డించాను. నా మొదటివాడు మూడో ఏట నీ చేతుల్లో పోయినప్పుడు నువ్వు నాకంటే ఎక్కువ ఏడ్చావు. ఇది నాకు రావలసిందే అనుకున్నాను గాని నీకెందుకు వచ్చిందో తెలియలేదు.

నాన్న ఫోటో మళ్ళీ పెట్టించు. గోడకు చెమ్మ లేదు.

సౌభాగ్య

*

గబ్బూరు,
20 జూన్ 2025

అక్కా,

నెల దాటింది. ఉత్తరం నీ చేతికే ఇచ్చానని మహాంతేశ్ ఒట్టేసి చెప్పాడు. తిరుమలేశ్ ఫోను చేస్తే, "పెద్దవ్వ మంచిగనే ఉంది, తింటుంది, మాట్లాడుతలేదు" అని ధనశ్రీ చెప్పిందట. పచ్చడి సీసా తిరిగొచ్చింది, ముట్టకుండా. ఉప్పు కారణం కాదని నాకు తెలుసు.

తిట్టి అయినా రాయి. ఫోనులో తిడితే నాకు వినబడదు.

ఇక్కడ వాన పడింది. కంది వేశారు. నాకు కుడి కంటికి కూడా పొర మొదలైందట. ఆపరేషన్ ఈ వయసులో వద్దంటున్నారు.

సౌభాగ్య

*

రాయచూరు,
12 సెప్టెంబర్ 2025

సౌభాగ్యకు,

నీ మే నెల ఉత్తరం గడప అవతలే చదివాను. చదివి, చింపి, మోరీలో వేసి, తలస్నానం చేశాను. తొంభై రెండేళ్ళకు చన్నీళ్ళేమిటని ధనశ్రీ కేకలేసింది. ఆ ఉత్తరం ఇంకెవరూ చదవరు. తెలుగు వచ్చినవాళ్ళు ఎవరైనా ఇంటికి వచ్చినా సరే.

ఆ సోమవారం మార్గిట్‌కు ఇలా రాయించాను. ఉత్తరం వచ్చింది. చావు కబురుతో కలిసి వచ్చినందున ఈ ఇంటి ఆచారం ప్రకారం చింపేశారు. చింపింది పదకొండేళ్ళ పిల్ల. నాన్న పేరు రాయలేదు. నీ పేరూ రాయలేదు. నీకు పుస్తకంలోకి ఎక్కాలని ఉంటే వేరే ఏదైనా ఘనకార్యం చేసి ఎక్కు. మార్గిట్ రెండు వాక్యాల జవాబు పంపింది. "మా నాన్న ఎర్విన్ తనను అక్క వద్దనుకుందని నమ్మారు, అది నిజం కాదని ఇప్పుడు నాకు తెలిసింది. ఆ ఉత్తరం రాసినప్పుడు ఆయనకు కూడా పదకొండేళ్ళే."

నాన్న ఫోటో పెట్టించాను. ఆయన ముందు నిలబడి క్షమించమని అడిగాను. ఆయనకేం, వెంటనే క్షమించి ఉంటాడు.

నేను ఆయనంత మంచిదాన్ని కాను. క్షమించానని రాద్దామని మూడుసార్లు కలం పట్టాను, మాట రాలేదు. కాన్పుల వార్డులో ముప్ఫై నాలుగేళ్ళు పని చేశాను. ఏ బిడ్డ ఏడ్చినా నాకు వినబడింది స్టేషన్లో వాడి ఏడుపే. దాన్ని ఆపగలిగిన కాగితం నా ఇంటి మెట్ల దాకా వచ్చింది. ఇది తలచుకుంటే నిన్ను కొట్టాలనిపిస్తుంది. అప్పటి పదకొండేళ్ళ పిల్ల దొరికితే కొట్టేదాన్నేమో. ఎనభై తొమ్మిదేళ్ళ గుడ్డి చెవిటి ముసలిదాన్ని ఏం కొట్టను?

నేను పోతానని భయపడ్డానన్నావు. పోయేదాన్నే. అందులో అబద్ధం చెప్పను. వాడి దగ్గరికి పరుగెత్తి పోయేదాన్ని. నీ జడ ఇంకెవరైనా వేసేవారు.

నాలుగు నెలలు ఆలోచించాక ఒకటి తట్టింది. ఆ కాగితం లోకంలో లేదు. గీసినవాడు లేడు. దాన్ని చూసిన కళ్ళు నీవి మాత్రమే మిగిలాయి, వాటికీ పొర వస్తోంది. అందుకని అలక మానుకుని రాస్తున్నాను. ఎర్విన్ గీసిన బొమ్మ గీసి పంపు. నీకు బొమ్మలు రావని నాకు తెలుసు, నీ పిల్లి ఎప్పుడూ పందిలా ఉండేది. ఎట్లా వస్తే అట్లా. గుర్రం ఎటు చూస్తోంది, పిల్ల ముఖం ఎట్లా ఉంది, పక్కన ఇంకేమైనా ఉందా, ఏదీ వదలకు. లేనిది కలపకు.

ఇరవై ఒకటో తేదీ ఆదివారం పెత్రమాస. ఈసారి ఎర్విన్ విస్తరి వాడు నిజంగా పోయాడని తెలిసి వేస్తాం.

ఇల్సమ్మ

*

గబ్బూరు,
17 సెప్టెంబర్ 2025

అక్కకు దండాలు.

బొమ్మ ఇందులో పెట్టి, ఆదివారంలోగా చేరాలని మహాంతేశ్ చేతికే ఇస్తున్నాను. అయిదు కాగితాలు పాడు చేసి ఆరోదానికి గీశాను. కుడి కంటితో దగ్గరగా పెట్టుకుని గీస్తే గీతలు వంకర పోయాయి. దీన్ని చించకు. ఇది చావు కబురు కాదు.

గుర్రానికి ముందు ఎడమ కాలు లేదు. వాడు బాగానే గీశాడు, నా చేతిలో అది మేకలా వచ్చింది. పిల్లకు రెండు జడలు, గాలికి వెనక్కి ఎగురుతున్నాయి. ముఖంలో నోరు ఒక్కటే పెద్దగా గీశాడు, నవ్వుతోంది. గుర్రం దూరంగా పోవడం లేదక్కా. ఇంటి వైపు వస్తోంది. మేలో నీకు గుర్రం సంగతి రాశాను గాని ఇల్లు సంగతి రాయలేదు. చెయ్యి ఆడలేదు. కాగితం మూలన ఇల్లు ఉంది, పెంకుల కప్పు, తలుపు బార్లా తీసి ఉంది. ఆ తలుపులో వాడు నిలబడ్డాడు. చిన్నగా, బటనంత తలకాయ.

ఆదివారం మొదటి బస్సుకు వస్తాను. భక్ష్యాలు నేనే చేస్తాను. ఎర్విన్ విస్తరిలో నా చేత్తో వడ్డించకూడదంటే పక్కన కూర్చుంటాను, కూర్చోనిస్తే. ట్రంకులోంచి గుర్రాన్ని తీసి ఆ విస్తరి పక్కన పెడదాం.

నువ్వు లాక్కున్నావని వాడు ఏడుస్తూ ఉండిపోయాడని రాశావు గదా. అది చదివినప్పటి నుంచి నీకు చెప్పాలని కొట్టుకుంటున్నాను, చెబితే నేను పట్టుబడిపోతానని ఆగాను. వాడు ఆ తలుపులో ఉత్త చేతులతో లేడక్కా. గుర్రానికి గడ్డి పట్టుకుని ఉన్నాడు. రెండు చేతుల నిండా.

నీ చెల్లెలు,
సౌభాగ్య